గ్రంథాలయమునకు కంప్యూటరు: ఎంపికలో గమనింపదగిన విషయములు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, గ్రంథాలయమునకు ఎట్టి కంప్యూటరు కావలెనను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యవర్గమువారు నన్ను కోరినారు. నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. తీరిక వేళల భారతమును, మనుచరిత్రమును గురువు లేకయే చదువుకొనుట నాకున్న ఒక వ్యసనము. అయినను, చిట్టాలు, ఆవర్జాలు కాగితమును విడిచి కంప్యూటరులోనికి పోవుటను దగ్గఱనుండి చూచుచున్నవాడను. 2022 జూన్‌లో కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. పల్లెల లెక్కలే ఆ దారి పట్టినప్పుడు పల్లె గ్రంథాలయము వెనుకబడియుండుట సాధ్యము కాదు. కావున నాకు తెలిసినంతమట్టుకు మనవి చేసెదను.

మన ఊరిలో పుట్టి దూరప్రాంతములందు ఉద్యోగములు చేయుచున్న పిల్లలు ఈ ఉత్సవము నిమిత్తము కొంత ధనము పంపినారు. వారిలో ఒకడు డెన్మార్కు దేశమునందున్నాడు. ఏ యంత్రము కొనుచున్నారు, అందేమి సాఫ్ట్‌వేరు వేయింతురని అతడు ప్రత్యేకముగా అడిగినాడు. ఇచ్చట యువకులు కొందఱు అన్నిటికంటె వెల హెచ్చైన యంత్రమునే కొనవలెననుచున్నారు. పెద్దలు కొందఱు ఆ సొమ్ముతో రెండు బీరువాలు, నూఱు పుస్తకములు కొనుట మేలనుచున్నారు. ఇరువురి మాటలయందును కొంత న్యాయము కలదు. ఐనను యంత్రము పేరు, వెల ఎత్తుకొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్న వేఱొకటి యున్నది. ఈనాడు మనము ఆ యంత్రమునందు వ్రాయించినదానిని, ఇంకొక ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము చేయబోవువారు చదువగలరా?

ఈ ప్రశ్న నాకేల పుట్టినదో చెప్పెదను. మా తండ్రిగారు కరణీకము చేసిరి. 1984లో ఆ పద్ధతి రద్దయినది. నాటి కరణముల వ్రాత గొలుసుకట్టు వ్రాత. కలము ఎత్తకుండ, అక్షరమునకు అక్షరమునకు నడుమ ఎడము లేకుండ సాగిపోవును. వ్రాయుటకు వేగము, చదువుటకు మాత్రము కరణమో, కరణము కుమారుడో కావలెను. రైతు తన పొలము లెక్క తాను చదువుకొనలేడు. దస్త్రము ఊరిదే యైనను, దానిని చదువగలవాడు ఒక్కడే అయినందున అధికారమంతయు వానిదయ్యెను. కంప్యూటరులోను ఇట్టి గొలుసుకట్టు వ్రాతలు ఉన్నవి. ఒక్క సాఫ్ట్‌వేరునకే అర్థమగు వ్రాత, ఒక్క దుకాణమువానికే తెఱచుట తెలిసిన ఫైలు, ఇవి నేటి గొలుసుకట్టులు.

మన గ్రంథాలయమునందే దీనికి దృష్టాంతము కలదు. కొన్నేండ్ల క్రిందట అప్పటి కార్యవర్గమువారు మన పుస్తకముల పట్టికను పట్టణమునందలి ఒక అచ్చుపని దుకాణమున టైపు చేయించిరి. ఆ ఫైలు నేటికిని భద్రముగా నున్నది. తెఱచినచో తెలుగు కనబడదు. ఇంగ్లీషు అక్షరములు, కుండలీకరణములు, ప్రశ్నార్థకములు కలగాపులగముగా కనబడును. "మనుచరిత్రము" అని వెదకిన దొరకదు. నాడు కాగితముపై అచ్చు తీసిన ప్రతి ఒక్కటియే నేడు మనకు ఆధారము. ఇట్లేల జరిగినదో తెలిసికొన్నచో ఎంపిక సులభమగును.

కంప్యూటరునకు తెలిసినవి రెండే గుర్తులు: సున్న, ఒకటి. ఇది మనకు క్రొత్త కాదు. పింగళుని ఛందశ్శాస్త్రము లఘువు, గురువు అను రెండే గుర్తులతో నడచును. మూడక్షరముల ప్రస్తారమున గణములు ఎనిమిది వచ్చునని పద్యము నేర్చిన ప్రతి బాలునకును తెలియును. అట్లే ఎనిమిది స్థానముల ప్రస్తారమున 256 కూర్పులు వచ్చును. ఆ ఎనిమిది స్థానముల కూర్పునే బైటు అందురు. ఇంగ్లీషునకు చిన్నబడి, పెద్దబడి కలిపి 52 అక్షరములు గనుక ఈ 256 ఇండ్లు చాలి మిగులును. తెలుగునకు గుణింతములు, ఒత్తులు ఉన్నవి. నాటి అచ్చుపని సాఫ్ట్‌వేరులవారు ఇంగ్లీషు అక్షరముల ఇండ్లలోనే తెలుగు అక్షరముల ముక్కలను కాపురముంచిరి. ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున ఉంచిరి. ఆ అక్షరరూపముల సంచి, అనగా ఫాంటు, యంత్రములో ఉన్నంతకాలము తెలుగు కనబడును; అది లేనినాడు ఇంటి అసలు యజమానులైన ఇంగ్లీషు అక్షరములే బయటపడును.

దీనికి చికిత్స యూనికోడు. ఇది 1991లో వెలువడినది. ప్రపంచమునందలి లిపులకెల్ల వేఱువేఱుగా ఇంటి సంఖ్యలు ఇచ్చిన పద్ధతి యిది. తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు 128 ఇండ్లు కేటాయించిరి. అందు "అ" సంఖ్య 3077, "క" సంఖ్య 3093. అమెరికాలోనైనను, గిద్దలూరులోనైనను ఈ సంఖ్యలు మాఱవు. "క్ష" అను సంయుక్తాక్షరమునకు వేఱు ఇల్లు లేదు. కకారము, పొల్లు, షకారము అను మూడింటి కలయికగా అది నిలువ చేయబడును. "స్త్రీ" అను ఒక్క అక్షరము ఆఱు గుర్తుల కూర్పు. వ్యాకరణము చెప్పినట్లే యంత్రము నిలువ చేయుచున్నది. రూపమును చూపుట మాత్రము ఫాంటు పని. ఫాంటు మాఱిన అందము మాఱునే గాని అక్షరము మాఱదు.

ఈ కూర్పు సాధారణమైనది కాదనుటకు ఒక నిదర్శనము. 2018 ఫిబ్రవరిలో "జ్ఞ" అను అక్షరము నడుమ కంటికి కనబడని ఒక గుర్తు చేరి దీర్ఘముతో వచ్చినప్పుడు, దానిని చూపబోయి ఐఫోనులు స్తంభించిపోయినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దానిని సవరించినది. వేలకొలది రూపాయలు వెలచేయు యంత్రములు జ్ఞానమను మాటలోని మొదటి అక్షరము దగ్గఱ తడబడినవి. కావున యంత్రము కొనునప్పుడు దాని యెదుట కూర్చుండి, "జ్ఞానము, స్త్రీ, క్ష్మాపతి, ఆర్ద్ర" అను మాటలు టైపు చేసి, దాచి, మూసి, మరల తెఱచి చూడవలెను. ఆపైన ఆ మాటలను వెదకించి చూడవలెను. అంగడివాడు చెప్పు గుణములకంటె ఈ పరీక్ష మేలైనది.

యూనికోడు ఫాంటులకు నేడు లోటు లేదు. దేశికాచార్యులవారు రూపొందించిన పోతన, వేమన అను ఫాంటులు చాలకాలముగా ఉచితముగా వాడుకలో నున్నవి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అను పేర్లుగల ఫాంటులును ఉచితముగా లభించుచున్నవి. భువనవిజయమంతయు ఒక్క పెట్టెలో కొలువు దీరినదని సంతోషింపవచ్చును. టైపు చేయుటకు ఇన్‌స్క్రిప్టు అను ప్రభుత్వ ప్రమాణమైన పద్ధతి కలదు. అందు అచ్చులు ఎడమచేతివైపు, హల్లులు కుడిచేతివైపు అమర్చబడినవి. వర్ణమాల తెలిసినవానికి అది కష్టము కాదు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములతో కొట్టి తెలుగుగా మార్చుకొను పద్ధతియు ఉన్నది. ఎవరికి ఏది చేతికి అలవడునో దానిని వాడుకొనవచ్చును. లోపల నిలువయగునది యూనికోడు అయినచో చాలును.

ఇక సాఫ్ట్‌వేరు. యంత్రమునంతయు నడపునది ఆపరేటింగ్ సిస్టము. మన ప్రాంతమున ఎక్కువమందికి తెలిసినది మైక్రోసాఫ్టువారి విండోసు. నేర్పువారు దొరకుదురు, ప్రింటర్లు సులభముగా కలియును. ఈ గుణములను కాదనరాదు. రెండవది లినక్సు. ఫిన్లాండు దేశస్థుడైన లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలిడగా, లోకమునందలి అనేకులు కలిసి పెంచినది. దానిని ఎవరైనను ఉచితముగా తీసికొని, మార్చుకొని, పంచుకొనవచ్చును. మన దేశమున సీడాక్ సంస్థవారు దాని ఆధారముగా బాస్ అను సిస్టమును సిద్ధము చేసిరి. హైదరాబాదునందు స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగులో కనబడు సిస్టము కొఱకు కృషి చేసిరి.

ఈ భేదము మనకేల? ఒక లెక్క చెప్పెదను. విండోసు 10 అను సిస్టమునకు రక్షణ సవరణలిచ్చుట 2025 అక్టోబరు 14తో ముగిసినది. తరువాతిదైన విండోసు 11 అనేక పాత యంత్రములపై నడువదు. అందుచే ఇంకను కొన్నేండ్లు పనిచేయగల యంత్రములు కార్యాలయములలో మూలపడుచున్నవి. అట్టిదొకటి దానముగా వచ్చినచో దానిపై లినక్సు వేసికొని నిక్షేపముగా వాడుకొనవచ్చును. క్రొత్తది కొన్నచో ఏ సిస్టమైనను సరే. ఏది వేసినను వ్రాతకోతలకు, పట్టికలకు లిబ్రెఆఫీసు అను ఉచిత సాఫ్ట్‌వేరును వాడి, ఫైళ్ళను ఓపెన్ డాక్యుమెంటు పద్ధతిలో దాచవలెనని నా మనవి. 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా ఆమోదింపబడిన పద్ధతి యది. దాని రచనావిధానము బహిరంగము. రేపు ఒక సంస్థ మూతపడినను మఱొకరు దానిని తెఱచుటకు సాధనము చేయగలరు. గొలుసుకట్టు విడిచి ముద్రాక్షరములలో వ్రాయుటవంటిది యిది.

డెన్మార్కునందున్న మన దాత అడిగిన ప్రశ్నకు ఆ దేశమే సగము సమాధానము చెప్పుచున్నది. 2025 జూన్‌లో అచ్చటి డిజిటల్ వ్యవహారముల మంత్రిత్వశాఖ మైక్రోసాఫ్టు ఆఫీసును విడిచి లిబ్రెఆఫీసునకు మాఱనున్నట్లు ప్రకటించినది. ధనము లేక ఆ సంపన్నదేశము ఈ నిర్ణయము చేయలేదు. ప్రభుత్వ దస్త్రముల తాళపుచెవి పరదేశ సంస్థల చేతిలో నుండుట మంచిది కాదను విచారమే దానికి ప్రధాన కారణము. ఒక రాజ్యమునకు వచ్చిన ఆ విచారము మన పల్లె గ్రంథాలయమునకును తగును.

ఆ దేశమునందే పీటర్ నౌర్ అను విద్వాంసుడుండెను. మొదట ఖగోళశాస్త్రజ్ఞుడు. పిమ్మట కంప్యూటరు భాషల నిర్మాణమున పాల్గొని, 1960లో ఆల్గాల్ అను భాషకు నివేదిక కూర్చి, 2005వ సంవత్సరపు ట్యూరింగు బహుమానమందుకొనెను. ఆ భాషను సూత్రబద్ధముగా వర్ణించు పద్ధతికి బాకస్, నౌర్ అను ఇరువురి పేర్లు కలిసినవి. అది పాణిని సూత్రపద్ధతిని పోలియున్నదని, పాణిని పేరుతో పిలుచుట ఉచితమని 1967లో ఇంగర్‌మన్ అను పండితుడు సూచించెను. ఆ నౌర్‌గారు 1985లో ఒక వ్యాసమున చెప్పిన భావము మనకు మిక్కిలి ఉపయోగకరము. ప్రోగ్రాము యొక్క ప్రాణము వ్రాసిన వాక్యములలో లేదు, దానిని ఎఱిగినవారి అవగాహనలో ఉన్నది. వారు చెదరిపోయినచో అది మృతప్రాయమగునని ఆయన వాదము. శాస్త్రగ్రంథమున్నను పాఠము చెప్పు గురుపరంపర తెగినచో ఆ శాస్త్రము ఎట్లగునో ఇదియు అట్లే. కావున సాఫ్ట్‌వేరు ఎంచుకొనునప్పుడు అది గొప్పదా అని మాత్రమే అడుగరాదు. చెడిన దినమున దానిని ఎఱిగినవాడు మనకు అందుబాటులో నుండునా అనియు అడుగవలెను.

ఈ దృష్టితోనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరును చూతము. జాతీయ సమాచార కేంద్రమువారి ఈ-గ్రంథాలయ కలదు. న్యూజీలాండునందలి హొరోవెనువా గ్రంథాలయమున పుట్టి, 2000లో వాడుకలోనికి వచ్చిన కోహా కలదు. అది ఉచితము, పెద్ద గ్రంథాలయములకు సమర్థము. కాని దానిని నిలిపి నడపుటకు తెలిసినవాడొకడు ఎల్లప్పుడును కావలెను. మన పుస్తకముల సంఖ్యకు ప్రస్తుతము లిబ్రెఆఫీసులోని పట్టిక చాలును. క్రమసంఖ్య, గ్రంథనామము, కర్త, ప్రచురణ సంవత్సరము, విషయము, దాత, బీరువా, అర అను ఎనిమిది గడులు గీచి, గడికొక్క విషయము చొప్పున యూనికోడులో వ్రాసికొన్నచో, రేపు కోహాకు పోవలసివచ్చినను ఆ పట్టికనే అందులోనికి ఎక్కింపవచ్చును. కర్త పేరు ఒకచోట ఇంటిపేరుతోను, ఒకచోట లేకయు వ్రాసినచో యంత్రము ఇద్దఱు కర్తలనుకొనును. ఆ క్రమశిక్షణ మనుష్యులదే.

తుదకు యంత్రము. దీనిని మన మార్కాపురపు పలకతో పోల్చి చెప్పెదను. కంప్యూటరునందు లెక్క చేయు గుమాస్తా ప్రాసెసరు. అతడు పనిచేయునంతసేపు ముందు పెట్టుకొను పలక ర్యాము. కరెంటు పోగానే పలకపై వ్రాత తుడిచిపెట్టుకొనిపోవును. చిరకాలము దాచు దస్త్రము డిస్కు. గుమాస్తా ఎంత చురుకైనను పలక చిన్నదైనచో మాటిమాటికి దస్త్రము తిరుగవేయవలసి వచ్చి పని మందగించును. మన పనికి మధ్యరకపు ప్రాసెసరు, 8 జీబీల ర్యాము చాలును. బొమ్మల ఆటల కొఱకు చేసిన ఖరీదైన భాగములు మనకక్కఱలేదు. డిస్కు మాత్రము ఎస్‌ఎస్‌డి అను రకమైయుండవలెను. పాత రకపు హార్డు డిస్కులో పళ్ళెములు తిరుగుచుండును, కుదుపునకు చెడును. ఎస్‌ఎస్‌డిలో తిరుగు భాగములు లేవు, వేగమును ఎక్కువ.

ఎంత పెద్ద డిస్కు కావలెను? లెక్క వేయుదము. యూనికోడు వ్రాతలో సాధారణముగా తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. పుటకు 1,500 గుర్తులనుకొన్నచో 4,500 బైట్లు. మున్నూఱు పుటల గ్రంథమునకు పదమూడున్నర లక్షలు. అట్టి వేయి గ్రంథములకు 135 కోట్లు, అనగా ఒక జీబీ పైచిలుకు. 256 జీబీల డిస్కులో దీనికి పట్టు చోటు మూలనొక గూడు మాత్రమే. పుటలను ఫోటోలుగా తీసి దాచినచో మాత్రము ఎన్నో రెట్లు హెచ్చును. కావున 512 జీబీలు సమృద్ధి. అంతకుమించి పెట్టు ధనమును రెండవ ప్రతికి వెచ్చించుట వివేకము.

బల్లమీది యంత్రమా, ఒడిలోని ల్యాపుటాపా? గ్రంథాలయమునకు బల్లమీదిదే మేలు. కీబోర్డు చెడిన కీబోర్డునే మార్చుకొందుము. తెర చెడిన తెరనే మార్చుకొందుము. అది స్థానముననే యుండును. పెద్దతెరపై వృద్ధులును చదువగలరు. మన ప్రాంతమున వేసవి ఎండలు నలువది డిగ్రీలు దాటును. పలకరాతి దుమ్ము, రోడ్ల దుమ్ము సరేసరి. కిటికీకి ఎదురుగా పెట్టరాదు, నేలపై పెట్టరాదు, గాలి రంధ్రములను మూయరాదు. గోడలోని వైరింగునకు ఎర్తు సరిగా నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత ముందుగా చూపింపవలెను. యూపీఎస్ లేక యంత్రమును నడపరాదు. కరెంటు పోయిన పిదప అది ఇచ్చు పది పదునైదు నిమిషములు సినిమా చూచుటకు కాదు, పని దాచి యంత్రమును ఆర్పుటకు.

ఇంతచేసినను యంత్రము శాశ్వతము కాదు. తాటియాకులును శాశ్వతములు కావు. తరతరమున ఎవరో ఒకరు కూర్చుండి ప్రతి వ్రాసినందుననే తిక్కన, ఎఱ్ఱన మనకు మిగిలినారు. బ్రౌను దొరగారు పాడుపడుచున్న ప్రతులను తెప్పించి, లేఖకులచే వ్రాయించి, పాఠములను సరిపోల్పించినందున అనేక కావ్యములు దక్కినవి. కంప్యూటరు ఫైలునకును ఇదే ధర్మము. ప్రతి దస్త్రమునకు మూడు ప్రతులుండవలెను: యంత్రములో ఒకటి, బీరువాలో వేఱు డిస్కుపై ఒకటి, ఊరికి వెలుపల నమ్మకమైన చోట మఱొకటి. నెలకొకసారి క్రొత్తది ఎక్కింపవలెను. అయిదేండ్లకొకసారి డిస్కును మార్పవలెను. పుస్తకముల పట్టికను మాత్రము ఏడాదికొకసారి కాగితముపై అచ్చుతీసి అట్టవేయింపవలెను. పాస్‌వర్డు కార్యవర్గమున ఇద్దఱకు తెలిసియుండవలెను. ఒక్కనికే తెలిసినచో మరల కరణీకమే వచ్చును.

ఈ శ్రమయంతయు ఎందుకని కొందఱడుగవచ్చును. పోతన భాగవతము ఎక్కడనైనను దొరకును. మన ఊరి పెద్దల నోటనున్న పాటలు, మన ప్రాంతము 1970 వఱకు కర్నూలు జిల్లాలో నుండగా నడచిన వ్యవహారముల కాగితములు, కంభము చెఱువు క్రింది సాగును గూర్చిన వృద్ధుల జ్ఞాపకములు, పలకల గనులలో పనిచేసినవారి మాటలు, ఇవి మనము దాచనిచో మఱియెవ్వరును దాచరు. ఒక్కొక్క వృద్ధుడు గతించుటతో ఒక్కొక్క బీరువా ఖాళీయగుచున్నది. ఇందుకొఱకే యంత్రముతోపాటు ఒక స్కానరును కోరుచున్నాను.

లెక్కలవాడను గనుక తుదకు లెక్క చెప్పి ముగించెదను. దాతలిచ్చిన రూపాయిని పాతలెక్కను పదునాఱణాలుగా పంచినచో, యంత్రమునకును తెరకును ఎనిమిదణాలు, యూపీఎస్‌కును వైరింగునకును రెండణాలు, స్కానరునకు రెండణాలు, రెండవ మూడవ ప్రతుల డిస్కులకు ఒక అణా వెచ్చింపవలెను. తక్కిన మూడణాలు మరమ్మతులకును, మూడేండ్లకో నాలుగేండ్లకో మార్పవలసివచ్చు బ్యాటరీకిని బ్యాంకులో నిలువ యుంచవలెను. సాఫ్ట్‌వేరునకు నేను ఒక పైసయు చూపలేదు. దాని బదులు ఇద్దఱు బాలురును, ఇద్దఱు బాలికలును రోజున కొక గంట కూర్చుండి నేర్చుకొని, పాత పట్టికను అచ్చు ప్రతి చూచి యూనికోడులోనికి ఎక్కింపవలెనని కోరుచున్నాను. పుస్తకములు కొను వార్షిక గ్రాంటునుండి మాత్రము ఒక్క రూపాయియు దీనికి మరలింపరాదని పెద్దల పక్షమున నా విన్నపము.

ఈ సూచనలు కార్యవర్గమువారు తీర్మానముగా పరిశీలింతురుగాక.